ప్రొబేషన్ కేసులో మధ్యలో వచ్చిన ఆర్డర్ మీద పై కోర్టుకు ఎలా వెళ్లాలి

"సార్, నిన్న ఇచ్చిన ఆర్డర్ మీద అప్పీలుకు పోదాం" అంటూ వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది ఆర్డర్ కాపీ ఏదని. చాలామంది దగ్గర ఉండదు. కోర్టు హాల్లో సగం వినపడిన మాటో, బయట చెట్టు కింద ఎవరో చెప్పిన మాటో పట్టుకుని వస్తారు, దాని మీదే రాత్రంతా టెన్షన్ పడి ఉంటారు. ప్రొబేషన్ కేసుల్లో ఈ కంగారు మరీ ఎక్కువ. జైలు తప్పింది, ఇక కోర్టుతో పని లేదు అనుకుని ఊళ్లో పని చేసుకుంటున్న మనిషికి ఏడాది తర్వాత మళ్లీ సమన్లు వస్తే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు కోర్టుల్లో తిరిగే మీకోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నా. వకీలు ఎలాగూ కావాలి, కానీ ఆయన్ని ఏం అడగాలో తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

ప్రొబేషన్ సంగతి రెండు ముక్కల్లో. నేరం రుజువైనా జైలుకు పంపకుండా వదిలే వీలు 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలో ఉంది. సెక్షన్ 3 కింద మందలించి వదిలేస్తారు. సెక్షన్ 4 కింద మంచి నడవడికతో ఉంటానని బాండ్ రాయించుకుని వదులుతారు. ఆ బాండ్ మూడేళ్లు దాటకూడదు, ష్యూరిటీలు (జామీను పడేవాళ్లు) అడగొచ్చు, ప్రొబేషన్ ఆఫీసర్ నిఘా కూడా పెట్టొచ్చు. నిఘా పెడితే కనీసం ఏడాది. ఉరిశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరాలకు సెక్షన్ 4 వర్తించదు. బాండ్‌లో రాసిన షరతు తప్పితే పాత నేరానికి అప్పుడు వేయని శిక్ష ఇప్పుడు వేయొచ్చు.

ముందు కాపీ తీయండి

మీ సీసీ నంబరు (కోర్టు మీ కేసుకు ఇచ్చిన నంబరు), వాయిదా తేదీ రాసుకుని కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. ఆర్డర్ వచ్చిన రోజే పెడితే ఇంకా మేలు, ఎందుకో కింద గడువు లెక్కలో చెబుతా. కేసు ఎక్కడ ఆగిందో ఫోన్లోనే చూసుకోవాలంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొట్టండి. కానీ యాప్‌లో కనపడిన దాన్ని ప్రింటు తీసి అప్పీలుకు జతచేస్తే నడవదు, ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీయే కావాలి. జైలు శిక్ష వేసిన తీర్పయితే ఆ తీర్పు కాపీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాల్సిందే, దానికి డబ్బులు కట్టనక్కర్లేదు.

మధ్యలో వచ్చే ఆర్డర్లు చాలావరకు పెద్ద తీర్పుల్లా ఉండవు. కేసు కట్ట మీద రెండు లైన్లు రాసి ఉంటాయి, దాన్నే డాకెట్ ఆర్డర్ అంటాం. "ముద్దాయి గైర్హాజరు. తరఫున ఎవరూ లేరు. ఎన్‌బీడబ్ల్యూ జారీ" (అంటే నాన్ బెయిలబుల్ వారంట్) అని ఉండొచ్చు, లేదా "ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు కోసం వాయిదా" అని ఉండొచ్చు. రెండు లైన్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఏ పిటిషన్ మీద, ఏ సెక్షన్ కింద, ఏ కారణంతో ఇచ్చారు అన్న మూడూ ఆ కాగితంలోనే వెతుక్కోవాలి. కారణం రాయకుండా "పిటిషన్ కొట్టివేయడమైనది" అని మాత్రమే ఉంటే, పై కోర్టులో మీకు దొరికిన మొదటి పాయింటు అదే.

ఇప్పుడు అది ఏ రకం ఆర్డరో తేల్చుకోండి

అసలు పనంతా ఇక్కడే ఉంది, కాబట్టి దీన్ని నెమ్మదిగా చదవండి. పై కోర్టుకు మూడు దారులున్నాయి: అప్పీలు, రివిజన్ (కింది కోర్టు ఆర్డర్ చట్టప్రకారం ఉందో లేదో పై కోర్టును చూడమనడం), హైకోర్టులో సెక్షన్ 528 పిటిషన్ (హైకోర్టు తన సొంత అధికారంతో అన్యాయాన్ని సరిదిద్దమని అడగడం). మన చట్టంలో అప్పీలు అనేది హక్కుగా దానంతట అదే రాదు, ఫలానా ఆర్డర్ మీద అప్పీలు ఉంది అని చట్టంలో రాసి ఉంటేనే ఉంటుంది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది, నంబర్లు మారాయి. పాత 397 ఇప్పుడు 438, పాత 482 ఇప్పుడు 528. అంతకు ముందు నుంచి నడుస్తున్న కేసయితే పాత నంబరు కూడా పక్కన రాయించండి, పోయేదేం లేదు.

సెక్షన్ 3 గానీ 4 గానీ కింద వదిలేస్తూ ఇచ్చిన ఆర్డర్ మీద అప్పీలు ఉంది. ప్రొబేషన్ చట్టం సెక్షన్ 11(2) ఆ మాట సూటిగా చెప్పింది. ఆ కోర్టు శిక్ష వేస్తే అప్పీలు ఎక్కడికి వెళ్తుందో అక్కడికే ఇదీ వెళ్తుంది. అసలు నేరమే చేయలేదు, దోషి అనడమే తప్పు అన్న వాదనా ఈ అప్పీల్లోనే పెట్టుకోవాలి. సెక్షన్ 5 కింద నష్టపరిహారం కట్టమని కలిపి రాస్తే దాన్నీ ఇందులోనే గ్రౌండ్‌గా, అంటే అప్పీలుకు ఒక కారణంగా రాయించండి. ఒక్క జాగ్రత్త: సెక్షన్ 11(4) ప్రకారం పై కోర్టుకు ప్రొబేషన్ ఆర్డర్‌ని రద్దుచేసి దాని బదులు శిక్ష వేసే అధికారం ఉంది. కింది కోర్టు వేయగలిగినంత కంటే ఎక్కువ వేయలేదు, అంతే. షరతు కొంచెం కష్టంగా ఉందని అప్పీలుకు పోయి, ఉన్న ప్రొబేషన్‌నే పై కోర్టు ముందు ప్రశ్నగా పెట్టుకోవాలా అని ఇంట్లో కూర్చుని ఆలోచించుకోండి.

షరతు తప్పారని సెక్షన్ 9 కింద పాత నేరానికి జైలు వేస్తే, అది శిక్షే. శిక్ష మీద అప్పీలు ఉంటుంది, సంహితలో సెక్షన్ 415 చూడండి. ష్యూరిటీ బాండ్ జప్తు చేసి డబ్బు కట్టమంటే, దాని మీద కూడా సెక్షన్ 495 కింద అప్పీలు ఉంది. ఆ అప్పీలు ష్యూరిటీగా నిలబడ్డ మీ మేనమామో పక్కింటి రైతో వేసుకోవాలి, ముద్దాయి వేసే అప్పీల్లో అది కలిసిపోదు. జమానత్ పడ్డవాళ్లకు ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

ఇక అసలు చిక్కు. వీటి మధ్యలో వచ్చేవన్నీ, అంటే రిపోర్టు తెప్పించమని ఇచ్చినవి, వాయిదాలు, సాక్షిని పిలవమన్నవి, బెయిలు ఇచ్చినవీ ఇవ్వనివీ, వీటిని ఇంటర్‌లాక్యుటరీ ఆర్డర్లు అంటారు. వీటి మీద అప్పీలు లేదు, సెక్షన్ 438(2) ప్రకారం రివిజన్ కూడా లేదు. 1977లో అమర్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఈ జాబితా చెబుతూ రిపోర్టులు తెప్పించుకునే ఆర్డర్లను కూడా పేరుపెట్టి చెప్పింది. కాబట్టి దోషి అని చెప్పి, ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు కోసం శిక్ష సంగతి వాయిదా వేస్తే, ఆ వాయిదా ఆర్డర్ మీద పై కోర్టుకు ఉరకడం దండగ. అసలు ఆర్డర్ వచ్చేదాకా ఆగండి. రిమాండ్ ఆర్డర్ మీదా రివిజన్ ఉండదని 2004లో జాయ్ ఇమాక్యులేట్ కేసులో తేల్చేశారు. సెక్షన్ 9 విచారణలో కస్టడీకి పంపితే రివిజన్ అని సమయం పోగొట్టుకోకుండా బెయిలు పిటిషన్ వేయించండి, ఆ సెక్షన్లోనే బెయిలు ఇచ్చే వీలు రాసి ఉంది.

మరి మధ్యలో వచ్చిన ప్రతి ఆర్డరూ ఇంతేనా అంటే, కాదు. అదే 1977లో మధు లిమాయే కేసులో సుప్రీంకోర్టు మూడో రకాన్ని గుర్తించింది: కేసును ముగించదు, అలాగని ఊరికే వాయిదా లాంటిదీ కాదు, మీ హక్కును గట్టిగా తాకుతుంది. ఇలాంటి దాని మీద రివిజన్ నడుస్తుంది. ఏది ఈ రకమో పట్టుకోవడానికి 2000లో కె.కె.పటేల్ కేసులో చెప్పిన పరీక్ష చాలా పనికొస్తుంది. మీ అభ్యంతరాన్ని కోర్టు ఒప్పుకుని ఉంటే ఆ ప్రొసీడింగ్స్ అక్కడితో ముగిసిపోయేవా? ముగిసేవి అయితే అది ఇంటర్‌లాక్యుటరీ కాదు. ఉదాహరణకు మీ బాండ్ రెండేళ్లకు రాశారు, రెండేళ్లూ గడిచాక జరిగిన గొడవను పట్టుకుని షరతు తప్పారని సెక్షన్ 9 కింద సమన్లు ఇచ్చారు, గడువు అయిపోయిందని మీరు పిటిషన్ వేస్తే కొట్టేశారు. మీ మాట ఒప్పుకుంటే ఆ సెక్షన్ 9 వ్యవహారమే అక్కడ ఆగిపోయేది. ఇలాంటి చోట రివిజన్‌కు గట్టి పాయింటు ఉంది. అదే ఫలానా సాక్షిని మళ్లీ పిలవండి అన్న పిటిషన్ కొట్టేస్తే, ఒప్పుకున్నా కేసు ముగియదు. 2009లో సేతురామన్ కేసులో సరిగ్గా ఇలాంటి ఆర్డర్లనే ఇంటర్‌లాక్యుటరీ అన్నారు.

బాండ్ షరతులు మారుస్తూ సెక్షన్ 8 కింద ఇచ్చే ఆర్డర్ సంగతి వేరు. సెక్షన్ 11(2)లో 3, 4 పేర్లే ఉన్నాయి, 8 పేరు లేదు. కాబట్టి రివిజన్ వైపు చూడాలి. ఇక్కడ మీ చేతిలో ఉన్న ఆయుధం ఏమిటంటే, ముద్దాయిని, ష్యూరిటీలను వినకుండా షరతు మార్చకూడదని ఆ సెక్షన్లోనే ఉంది. మీకు నోటీసు రాలేదా, వచ్చినా మాట్లాడనివ్వలేదా, అదే మొదటి గ్రౌండ్.

50 రూపాయల సంగతి కూడా చెప్పాలి. మొదటిసారి షరతు తప్పితే జైలు బదులు 50 రూపాయల దాకా పెనాల్టీ వేసి బాండ్ కొనసాగించే వీలు సెక్షన్ 9లో ఉంది. 1958లో రాసిన మొత్తం అలాగే ఉండిపోయింది, ఇప్పుడు మిర్యాలగూడలో ఇద్దరు టిఫిన్ తింటే అయిపోయే డబ్బు. అందుకే అందరూ కట్టేసి బయటపడతారు. నా అభిప్రాయం మాత్రం కొంచెం వేరు. ఈ వెసులుబాటు మొదటి తప్పుకే ఉంది. ఒకసారి తప్పారు అని రికార్డులో పడ్డాక, రెండోసారి చిన్న ఫిర్యాదు వచ్చినా జడ్జిగారి ముందు ఈ 50 రూపాయల దారి ఉండదు. నిజంగా తప్పితే కట్టేయండి. తప్పకుండానే తప్పారని రాస్తే, డబ్బు చూడకుండా ఆ రాతను రివిజన్‌లో ప్రశ్నించాలా అని వకీలుతో మాట్లాడండి. బాండ్ ఇంకా రెండేళ్లు మిగిలి ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

పై కోర్టుకు వెళ్లలేని ఆర్డర్ అయితే

చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. అభ్యంతరాన్ని నోటితో చెప్పి వదిలేయకుండా రాతపూర్వక పిటిషన్‌గా వేయించండి, కొట్టేస్తే కొట్టేయనివ్వండి. ఆ పిటిషన్, దాని మీద ఆర్డర్ రికార్డులో ఉంటాయి, చివరి ఆర్డర్ మీద అప్పీలు వేసినప్పుడు ఇవన్నీ గ్రౌండ్స్ అవుతాయి. ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టే చూడండి. సెక్షన్ 7 ప్రకారం అది రహస్యం, పూర్తి కాపీ ఇవ్వమని పట్టుబడితే దొరక్కపోవచ్చు. కానీ రిపోర్టు సారాంశం ముద్దాయికి చెప్పి, దానికి జవాబుగా సాక్ష్యం పెట్టుకునే అవకాశం ఇచ్చే వీలు అదే సెక్షన్లో ఉంది. కాబట్టి పిటిషన్‌లో కాపీ అడగకండి, సారాంశం అడగండి, జవాబుకు అవకాశం అడగండి. అది కూడా ఇవ్వకుండా రిపోర్టులో "ఊళ్లో మంచి పేరు లేదు" అన్న మాటను పట్టుకుని ప్రొబేషన్ కాదంటే, అప్పీల్లో చెప్పుకోవడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది.

ముద్దాయికి 21 ఏళ్లు నిండకపోతే ఇంకా బలం. సెక్షన్ 6 ప్రకారం జైలు వేసే ముందు కోర్టు రిపోర్టు తెప్పించాల్సిందే, ప్రొబేషన్ ఎందుకు ఇవ్వడం లేదో కారణాలు రాయాల్సిందే. పెద్దవాళ్ల విషయంలోనూ ఇవ్వదగ్గ చోట ఇవ్వకపోతే ప్రత్యేక కారణాలు రాయాలని సంహిత సెక్షన్ 402 అంటుంది. 21 లోపు వాళ్లకు అప్పీలు వేయకపోయినా ఒక దారి మిగిలే ఉంటుంది. జైలు వేసిన కోర్టుకు పై కోర్టు, ముద్దాయి గానీ ప్రొబేషన్ ఆఫీసర్ గానీ దరఖాస్తు పెడితే, సెక్షన్ 11(3) కింద రికార్డు తెప్పించి చూడొచ్చు. కింద కాదన్న ప్రొబేషన్‌ను పై కోర్టు తానే ఇవ్వొచ్చని 1964లో రతన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

పాలమూరు వైపు ఎక్కువగా వచ్చే ఇబ్బంది వలస. బాండ్‌లో నెలనెలా ప్రొబేషన్ ఆఫీసర్ ముందు కనపడాలని ఉంటుంది, మనిషేమో ముంబైలోనో పుణెలోనో బిల్డింగ్ పనిలో ఉంటాడు. నారాయణపేట, కొడంగల్, మక్తల్ వైపు ఊళ్లల్లో ఇది కొత్త సంగతేం కాదు. దీనికి పై కోర్టు అక్కర్లేదు. షరతులు మార్చమని కోర్టును అడిగేది సెక్షన్ 8 ప్రకారం ప్రొబేషన్ ఆఫీసర్, కాబట్టి మీరు వెళ్లాల్సింది ఆయన దగ్గరికి. ఎక్కడ పని చేస్తున్నారో, మేస్త్రీ ఎవరో, ఎప్పుడు తిరిగొస్తారో, ఫోన్ నంబరేదో ఒక కాగితం మీద రాసి ఇచ్చి, దాని నకలు మీద స్టాంపు వేయించుకోండి. ఆయన కోర్టుకు దరఖాస్తు పెడితే షరతు మారుతుంది. నడవడిక బాగుంది, ఇక బాండ్ అక్కర్లేదని ఆయన రాస్తే సెక్షన్ 8(3) కింద బాండే ఎత్తేయొచ్చు. ఇదంతా ఊరు దాటక ముందు చేయాలి. చెప్పకుండా వెళ్లిపోయి, వారంట్ వచ్చాక ఇది మొదలుపెడితే ముందు వారంట్ సంగతి చూసుకోవాల్సి వస్తుంది. వారంట్ వచ్చిందంటే అదే కోర్టులో ముద్దాయి హాజరై, వారంట్ వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయడం మామూలు పద్ధతి, దాని కోసం హైదరాబాద్ పోనక్కర్లేదు.

ఏ ఊరి కోర్టుకు

పాత అలవాటు కొద్దీ అందరూ నల్లగొండ, మహబూబ్‌నగర్ అంటారు. 2022 జూన్ నుంచి కొత్త జిల్లాలకు వేరే జిల్లా కోర్టులు వచ్చాయి. కోదాడ మేజిస్ట్రేట్ ఆర్డర్ మీద సూర్యాపేటకు వెళ్లాలి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, నారాయణపేటలకూ సొంత జిల్లా కోర్టులున్నాయి. మిర్యాలగూడ, దేవరకొండ వాళ్లకు నల్లగొండే. మేజిస్ట్రేట్ ఆర్డర్ మీద అప్పీలయినా రివిజనయినా సెషన్స్ కోర్టుకు వెళ్తుంది.

రివిజన్ మాత్రం సెషన్స్‌లో వేయొచ్చు, హైకోర్టులో వేయొచ్చు, కానీ ఒక్క చోటే. సెషన్స్‌లో ఓడిన మనిషి మళ్లీ హైకోర్టులో రివిజన్ వేయడానికి సెక్షన్ 438(3) ఒప్పుకోదు. మామూలు విషయమైతే దగ్గర్లోని సెషన్స్ కోర్టే మేలని నేను చెబుతా, ఖర్చు తక్కువ, రికార్డు తెప్పించడం సులువు. చట్టం మీద పెద్ద ప్రశ్న ఉంటేనే నేరుగా హైకోర్టు.

528 పిటిషన్ చివరి దారి. హైకోర్టుకే ఆ అధికారం ఉంది. రివిజన్ ఉన్నంత మాత్రాన అది పూర్తిగా మూసుకుపోదని 2016లో ప్రభు చావ్లా కేసులో సుప్రీంకోర్టు అంది. అయినా రివిజన్‌లో ఓడిన ప్రతివాళ్లూ దాన్ని రెండో రివిజన్‌లా వాడుకుంటామంటే జడ్జీలు ఊరుకోరు. కళ్లకు కనపడే అన్యాయం ఉండాలి.

ఒకవేళ అప్పీలు వేయాల్సిన చోట తెలియక రివిజన్ వేశారనుకోండి, అంతా పోయినట్టు కాదు. అప్పీలు లేదనుకుని పొరపాటున వేశారని తోస్తే దాన్నే అప్పీలుగా తీసుకునే వీలు సెక్షన్ 442(5)లో ఉంది. అప్పీలు ఉందని తెలిసీ వేయకుండా రివిజన్‌తో వస్తే మాత్రం 442(4) అడ్డుపడుతుంది.

గడువు లెక్క

సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టులో అప్పీలుకు 60 రోజులు, రివిజన్‌కు 90 రోజులు. 528కి చట్టంలో రోజుల లెక్క లేదు, ఆలస్యం చేస్తే మాత్రం ఇన్నాళ్లు ఏం చేశారని అడుగుతారు.

ఆర్డర్ ఇచ్చిన రోజును లెక్కలోంచి తీసేయాలి. సర్టిఫైడ్ కాపీ తయారవడానికి పట్టిన రోజులు కూడా తీసేయాలి. కాపీ మీద తేదీల ముద్ర ఉంటుంది: దరఖాస్తు పెట్టిన రోజు, చార్జీలు అడిగిన రోజు, కట్టిన రోజు, కాపీ సిద్ధమైన రోజు, మీకు ఇచ్చిన రోజు. ఆర్డర్ మార్చి 3న వచ్చింది, కాపీకి మార్చి 10న పెట్టారు, 24న సిద్ధమైంది అనుకుందాం. 30 రోజుల అప్పీలుకు మామూలుగా ఏప్రిల్ 2 ఆఖరు. 10 నుంచి 24 దాకా 15 రోజులు కలిపితే ఏప్రిల్ 17. కాపీ సిద్ధమయ్యాక మీరు పనుల్లో పడి వారం తర్వాత వెళ్లి తెచ్చుకుంటే ఆ వారం మీ ఖాతాలోనే పడుతుంది. చార్జీలు అడిగితే కట్టకుండా నానబెట్టిన రోజులు కూడా అంతే. గడువు దాటాక కాపీకి పెడితే ఈ మినహాయింపు ఏమీ పనికిరాదు. ఆఖరు రోజు కోర్టుకు సెలవైతే, తెరిచిన రోజు వేయొచ్చు.

దాటిపోతే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని అఫిడవిట్‌తో వేరే పిటిషన్ వేయాలి. "ఆరోగ్యం బాగాలేక" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆస్పత్రిలో ఉన్నారో, ఎప్పుడు ఊరికి వచ్చారో, వకీలును ఎప్పుడు కలిశారో వరుసగా రాసి, ఆస్పత్రి చీటీ ఉంటే జతచేయండి.

కట్టలో ఏముండాలి

అప్పీలు మెమో గానీ రివిజన్ పిటిషన్ గానీ, అందులో గ్రౌండ్స్, ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ, మీరు సంతకం చేసిన వకాలత్, బాండ్ నకలు, వీటితో పాటు కింది కోర్టు ఆర్డర్ ఆపమని అడిగే పిటిషన్, దానికి అఫిడవిట్. గడువు దాటితే పైన చెప్పిన పిటిషన్ కూడా. నిఘా ఆర్డర్ ఉన్న కేసుల్లో షరతులు వివరించి ముద్దాయికి, ష్యూరిటీలకు, ప్రొబేషన్ ఆఫీసర్‌కు ఆ నిఘా ఆర్డర్ కాపీ తలా ఒకటి ఇవ్వాలని సెక్షన్ 4 చెబుతుంది. బాండ్ నకలు ఇంట్లో దొరక్కపోతే దానికీ కాపీ దరఖాస్తు పెట్టండి.

గ్రౌండ్స్‌లో కథ రాయించకండి. రివిజన్‌లో మొదటి పేరాలోనే, ఈ ఆర్డర్ ఇంటర్‌లాక్యుటరీ ఎందుకు కాదో రాయాలి, లేకపోతే పీపీ (ప్రభుత్వం తరఫు వకీలు) లేచి మొదటి మాటగా అదే అంటారు. ఆ తర్వాత కింది కోర్టు ఏ సెక్షన్‌లో ఏ మాటను పాటించలేదో రాయాలి. రివిజన్‌లో సాక్ష్యాన్ని మళ్లీ మొదటి నుంచి తూకం వేయరు, ఆర్డర్ చట్టప్రకారం ఉందా, సరైనదేనా, పద్ధతి పాటించారా అన్నదే చూస్తారు. "మావాడు మంచోడు సార్" అన్న వాదనకు అక్కడ చోటు తక్కువ.

జైల్లో ఉన్నవాళ్లయితే అప్పీలు కాగితాలు జైలు అధికారికి ఇస్తే చాలు, ఆయన కోర్టుకు పంపాలి. డబ్బు లేదని ఆగిపోకండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదా 15100కు ఫోన్ చేయండి.

వేశాక

పై కోర్టులో నంబరు పడగానే కింది కోర్టు పని ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. స్టే ఇచ్చేదాకా కింది కోర్టు వాయిదాలు వాయిదాలే. ప్రతి వాయిదాకూ వెళ్లండి, రాలేని రోజు వకీలుతో హాజరు మినహాయింపు పిటిషన్ వేయించండి. ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గరికి నెలనెలా వెళ్లాల్సి ఉంటే అదీ మానకండి, వెళ్లిన ప్రతిసారీ సంతకం పెట్టిన పుస్తకం పేజీ ఫోన్లో ఫొటో తీసుకునే వీలుంటే తీసుకోండి. అప్పీలు పెండింగ్‌లో ఉండగా షరతు తప్పితే, మీ మీద రెండో రిపోర్టు మీరే రాయించుకున్నట్టు.

జైలు శిక్ష వేశారంటే అప్పీలుతో పాటు సెక్షన్ 430 కింద శిక్ష నిలుపుదల, బెయిలు అడగాలి. రివిజన్‌లో అయితే 438(1)లోనే ఆ వీలు ఉంది. స్టే వచ్చిందా, ఆ కాపీని మెమోతో అదే వారంలో కింది కోర్టులో దాఖలు చేయించండి. పై కోర్టు ఆర్డర్ దానంతట అదే కింది కోర్టు బల్ల మీదకు చేరుతుందని కూర్చుంటే, ఈలోపు వారంట్ పోలీస్ స్టేషన్ దాకా వెళ్లి ఉండొచ్చు.

ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలున్న ఇళ్లల్లో ఒక లెక్క వేరుగా వేసుకోవాలి. ప్రొబేషన్ మీద వదిలితే దోషి అన్నందువల్ల చట్టప్రకారం వచ్చే అనర్హత ఉండదని సెక్షన్ 12 అంటుంది. తర్వాత అదే నేరానికి శిక్ష పడితే ఆ రక్షణ పోతుంది. పైగా సెక్షన్ 12 ఉన్నా దోషి అన్న తీర్పు చెరిగిపోదని, దాన్ని బట్టి శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని 1990లో బక్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానిస్టేబుల్ సెలక్షన్‌కు చదువుతున్న కుర్రాడికి, ప్రొబేషన్ వచ్చింది చాలు అని 30 రోజులు వదిలేయడం కంటే, దోషి అన్న మాట మీదే సెక్షన్ 11(2) అప్పీలు వేయాలా అన్నది ఆ గడువులోపే తేల్చుకోవాల్సిన విషయం.